నాస్‌లో ఏ రెయిడ్ పెట్టాలి? డిస్కులు కొనకముందే తేల్చుకోండి

“అన్నా, నాలుగు డిస్కుల నాస్ బాక్స్ తీసుకున్నా. రెయిడ్ 5 పెట్టేయనా?”

నెలలో రెండు మూడుసార్లు ఎవరో ఒకరు ఇదే అడుగుతారు. నాస్ అంటే నెట్‌వర్క్‌కి తగిలించి అందరూ వాడుకునే డిస్కుల పెట్టె. రెయిడ్ అంటే ఆ డిస్కులన్నిటినీ కలిపి ఒకటిగా వాడే పద్ధతి. ఎక్కువమంది పెళ్లిళ్లు కవర్ చేసే ఫొటో స్టూడియోల వాళ్లు. ఇంట్లో అందరి ఫొటోలు ఒకచోట చేర్చుకుందామనుకునేవాళ్లు కొందరు. ఫోన్‌లో సగం సగం చెప్పేకంటే వరుసగా రాసిపెట్టడం మేలనిపించింది. స్టూడియోనే ఉదాహరణగా తీసుకుంటాను. ఇంటివాళ్లు అంకెలు తగ్గించుకుని చదువుకోండి.

ముందు నా సంగతి ఒకటి చెప్పాలి. నా మొదటి బాక్సుకి నాలుగు డిస్కులూ ఒకే షాపులో, ఒకే రోజు కొన్నాను. రెయిడ్ 5 పెట్టాను. మూడేళ్లకు ఒక డిస్క్ పోయింది. కొత్తది పెట్టి, రీబిల్డ్ (పోయిన డిస్కులోని డేటాను కొత్తదాంట్లో తిరిగి నింపడం) మొదలుపెట్టి, నిశ్చింతగా పడుకున్నాను. తెల్లారి లేచి చూస్తే రెండో డిస్క్ కూడా ఎర్రర్లు చూపిస్తోంది, రీబిల్డ్ సగంలో ఆగిపోయింది. మా చెల్లెలి పెళ్లి వీడియో ఒరిజినల్స్ ఇంకెక్కడా లేవు. ఎడిట్ చేసిన మూడు గంటల కాపీ ఒక్కటి తన అత్తగారింట్లో పెన్‌డ్రైవ్‌లో మిగిలింది. అందుకే ఎవరైనా రెయిడ్ గురించి అడిగితే నేను తిరిగి అడిగేది ఒకటే: ఒక డిస్క్ పోయిన రాత్రి మీ రెండో కాపీ ఎక్కడ ఉంటుంది? దానికి జవాబు ఉంటే, ఏ రెయిడ్ పెట్టాలన్నది పది నిమిషాల్లో తేలిపోతుంది.

కావలసినవి

- నాస్ బాక్స్, దానికి తగిన డిస్కులు. ఇంకా కొనకపోతే 4వ మెట్టు చదివాకే కొనండి.
- యూఎస్‌బీ కేబుల్‌తో బాక్సుకి కలిపే వీలున్న యూపీఎస్.
- బ్యాకప్ కోసం వేరుగా ఒక ఎక్స్‌టర్నల్ డిస్క్, వీలైతే రెండు. ఇది “తర్వాత చూద్దాం” లిస్టులోది కాదు. డబ్బు చాలకపోతే బాక్సులో ఒక డిస్క్ తగ్గించి అయినా సరే ఇది కొనండి.
- చిన్న స్టిక్కర్లు, మార్కర్ పెన్ను.
- తొందర లేని నాలుగైదు రోజులు. స్టూడియోవాళ్లు ఆషాఢంలోనో, మూఢంలోనో పెట్టుకోండి. ముహూర్తాల మధ్యలో ఈ పని ఎత్తుకోవద్దు.

తెలియాల్సిన థియరీ ఇంతే

రెయిడ్ 0లో రక్షణ లేదు. ఒక డిస్క్ పోతే మొత్తం పోతుంది. రెయిడ్ 1 అంటే మిర్రర్, రెండు డిస్కుల్లోనూ అదే డేటా. రెయిడ్ 5కి కనీసం 3 డిస్కులు కావాలి, ఒక డిస్క్ అంత జాగా రక్షణకు పోతుంది, ఒక డిస్క్ పోయినా డేటా ఉంటుంది. రెయిడ్ 6కి కనీసం 4, రెండు డిస్కుల జాగా పోతుంది, ఏ రెండు డిస్కులు పోయినా డేటా ఉంటుంది. రెయిడ్ 10 అంటే మిర్రర్ జతలు. కనీసం 4 డిస్కులు, సరి సంఖ్యలో. సగం జాగా మిగులుతుంది.

పేర్లు చూసి కంగారు పడకండి. సైనాలజీ కంపెనీ బాక్సుల్లో ఎస్‌హెచ్‌ఆర్ అంటే రెండు డిస్కులుంటే మిర్రర్ లాంటిది, మూడు గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే రెయిడ్ 5 లాంటిది. ఎస్‌హెచ్‌ఆర్-2 రెయిడ్ 6 లాంటిది. ట్రూనాస్ అనే నాస్ సాఫ్ట్‌వేర్‌లో రెయిడ్-జెడ్1, రెయిడ్-జెడ్2 కూడా అదే వరుసలో 5కీ 6కీ దగ్గర.

1. ముందు జాగా లెక్క వేయండి

ఊహించి కాదు, కాగితం మీద. ఒక కెమెరా 100 మెగాబిట్ల వేగంతో 4కే వీడియో తీస్తుంటే గంటకు 45 జీబీ అవుతుంది. రెండు కెమెరాలు చెరో ఆరు గంటలు తీస్తే 540 జీబీ. ఒక్కోటి 30 ఎంబీ చొప్పున 3,000 రా ఫొటోలు ఇంకో 90 జీబీ. అంటే ఒక పెళ్లికి 630 జీబీ. మాఘం నుంచి జ్యేష్ఠం దాకా 20 పెళ్లిళ్లు చేస్తే 12.6 టీబీ.

ఇక్కడ చాలామంది పొరబడేది ఒకటుంది. కంపెనీ 8 టీబీ అని అమ్మిన డిస్క్ కంప్యూటర్‌లో దాదాపు 7.27గా కనిపిస్తుంది. మోసం కాదు, లెక్కించే పద్ధతి వేరు. నాలుగు 8 టీబీ డిస్కులకు రెయిడ్ 5లో 24 టీబీ వస్తుంది, తెరమీద 21.8. రెయిడ్ 6లోనైనా, రెయిడ్ 10లోనైనా 16 టీబీ, తెరమీద 14.5. అందులో 80 శాతం దాటకుండా వాడుకోవాలి. నిండిపోయే కొద్దీ బాక్స్ నెమ్మదిస్తుంది, స్నాప్‌షాట్లకు (ఫైళ్లు ఒక సమయంలో ఎలా ఉన్నాయో బాక్స్ దాచిపెట్టే రూపాలు) చోటుండదు. 14.5లో 80 శాతం అంటే 11.6. పైన లెక్కేసిన 12.6 టీబీ తెరమీద 11.5 అవుతుంది కాబట్టి ఒక సీజన్ అంచు దాకా పడుతుంది. రెండో సీజన్‌కి పాతవి బయటికి తీయాల్సిందే. ఇది కొనకముందే తెలిస్తే మంచిది కదా.

2. డిస్కుల సంఖ్యను బట్టి రెయిడ్ ఎంచుకోండి

రెండు డిస్కులు: మిర్రర్. ఇంకేమీ ఆలోచించక్కర్లేదు. ఇంటికి దాదాపు ఎప్పుడూ ఇదే చాలు.

మూడు డిస్కులు: రెయిడ్ 5 పెట్టొచ్చు. అయితే మూడు 4 టీబీల బదులు రెండు 8 టీబీలు కొని మిర్రర్ చేస్తే వచ్చే జాగా అంతే, రీబిల్డ్ తేలిక, పైగా ఒక బే (డిస్క్ పెట్టే గూడు) ఖాళీగా మిగులుతుంది. డిస్కులు ఇంకా కొననివాళ్లకు నేను రెండోదే చెబుతాను.

నాలుగు డిస్కులు: ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే, కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

రెయిడ్ 5 ఎందుకు భయమంటే, ఒక డిస్క్ పోయాక రీబిల్డ్ అయ్యేదాకా మీకు రక్షణ సున్నా. 8 టీబీ డిస్కును సెకనుకు 150 ఎంబీ చొప్పున నింపినా దాదాపు 15 గంటలు పడుతుంది. మధ్యలో ఎడిటింగ్ నడుస్తుంటే రోజులు పట్టొచ్చు. ఆ సమయమంతా మిగిలిన మూడు డిస్కులనూ మొదటి నుంచి చివరి దాకా చదవాలి, అంటే 24 టీబీ. ఇళ్లలో వాడే చాలా డిస్కుల స్పెసిఫికేషన్ షీట్లలో “10^14 బిట్లు చదివితే ఒక చదవలేని తప్పు” అన్న హద్దు రాసి ఉంటుంది. 10^14 బిట్లంటే 12.5 టీబీ. నిజంగా డిస్కులు అంతకంటే బాగానే పనిచేస్తాయి, కాబట్టి రీబిల్డ్ తప్పకుండా ఫెయిల్ అవుతుందని కాదు. కానీ మిగిలిన మూడూ చచ్చిన డిస్కుతో కలిసి కొన్నవే, అంతే వయసు, అంతే వేడి తిన్నవే. వాటిని ఏడాదంతా లేనంత కష్టపెట్టేది సరిగ్గా ఆ రాత్రే. నా బాక్సులో జరిగింది అదే.

అందుకని నాలుగు పెద్ద డిస్కులుంటే రెయిడ్ 6 గానీ, రెయిడ్ 10 గానీ. జాగా రెండింటికీ సమానం. రెయిడ్ 6లో ఏ రెండు పోయినా పరవాలేదు. రెయిడ్ 10లో ఒకటి పోయాక దాని జతది కూడా పోతే కథ ముగిసినట్టే, కానీ రీబిల్డ్ అంటే జత డిస్కును కాపీ కొట్టడమే కాబట్టి త్వరగా, తేలిగ్గా అయిపోతుంది. పాత పెళ్లిళ్లు దాచుకోవడానికైతే రెయిడ్ 6. ఇద్దరు ముగ్గురు ఎడిటర్లు నేరుగా నాస్ మీదే ప్రాజెక్టులు తెరిచి పనిచేస్తుంటే రెయిడ్ 10. మీ నెట్‌వర్క్ మామూలు గిగాబిట్ అయితే ఎలాగూ సెకనుకు 110 ఎంబీ దగ్గర ఆగిపోతుంది. ఒక్క డిస్క్ కూడా పెద్ద ఫైళ్లకు అంత వేగం ఇస్తుంది. కాబట్టి స్పీడ్ కోసమని రెయిడ్ 0 పెట్టడంలో అర్థం లేదు.

మరి రెయిడ్ 5 ఎప్పుడు? మొత్తం డేటాకి తాజా బ్యాకప్ వేరే చోట ఉండి, డిస్కులు 4 టీబీ లోపువై, ఒకటి రెండు రోజులు పని ఆగినా పరవాలేదనుకుంటే పెట్టుకోండి. మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా వద్దు.

ఐదు నుంచి ఎనిమిది డిస్కులు: రెయిడ్ 6.

“రెయిడ్ 5 పెట్టి నాలుగో డిస్కును హాట్ స్పేర్‌గా ఉంచనా?” అని కూడా అడుగుతారు. నాలుగు బేల బాక్సులో వద్దు. స్పేర్ పనిలోకి దిగేది ఒకటి పోయిన తర్వాతే. అదే డిస్కును రెయిడ్ 6లో కలిపితే మొదటి రోజు నుంచే కాపలా కాస్తుంది.

3. మీ బాక్సులోని సాఫ్ట్‌వేర్ ఏం అనుమతిస్తుందో చూడండి

డిస్కులు వేర్వేరు సైజులైతే ఎస్‌హెచ్‌ఆర్ బాగా పనికొస్తుంది. 4, 4, 8, 8 టీబీ డిస్కులకు మామూలు రెయిడ్ 5 ప్రతి డిస్కునీ 4గానే లెక్కేసి 12 టీబీ ఇస్తుంది. ఎస్‌హెచ్‌ఆర్ 16 ఇస్తుంది.

ట్రూనాస్‌లో తర్వాత పెంచుకోవాలనుకుంటే మిర్రర్ జతలు సులువు, ఇంకో జత కలిపితే సరి. రెయిడ్-జెడ్‌కు ఒక్కో డిస్కు కలిపే సౌకర్యం ట్రూనాస్ వాడే ఓపెన్‌జెడ్‌ఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టమ్ 2.3 వెర్షన్‌తోనే వచ్చింది. పాత వెర్షన్లలో లేదు. డిస్క్ కలిపినా రెయిడ్-జెడ్1ను రెయిడ్-జెడ్2గా మార్చలేరు, కాబట్టి ఆ నిర్ణయం మొదటే తీసుకోవాలి.

వద్దనేవి మూడు. బీటీఆర్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్ సొంత రెయిడ్ 5, 6ను నమ్మి డేటా పెట్టొద్దు, దాన్ని తయారుచేసేవాళ్లే ముఖ్యమైన వాడుకకు పనికిరాదని రాశారు. సైనాలజీ బాక్సుల్లో ఫైల్ సిస్టమ్ అదే అయినా రెయిడ్ పని వేరే పొర చూసుకుంటుంది, కాబట్టి అక్కడ భయం లేదు. రెండోది, పాత సర్వర్ల నుంచి తీసి అమ్మే రెయిడ్ కార్డులు. కార్డు కాలిపోతే అలాంటిదే మళ్లీ వెతుక్కోవాలి. మూడోది, యూఎస్‌బీతో తగిలించిన డిస్కులతో రెయిడ్. కేబుల్ కాస్త కదిలితే డిస్క్ పోయిందనుకుని రీబిల్డ్ మొదలవుతుంది.

4. డిస్కులు కొనేటప్పుడు

సీఎమ్‌ఆర్ రకమే (ట్రాకులు విడివిడిగా ఉండేవి) తీసుకోండి. ఎస్‌ఎమ్‌ఆర్ డిస్కుల్లో ట్రాకులు ఇంటి పెంకుల్లా ఒకదానిమీద ఒకటి కొంత ఎక్కి ఉంటాయి. ఆగకుండా రాయాల్సి వస్తే వేగం పడిపోతుంది. రీబిల్డ్ అంటే ఆగకుండా రాయడమే. వెస్టర్న్ డిజిటల్ రెడ్ పేరుతో అమ్మిన 2 నుంచి 6 టీబీ డిస్కుల్లో ఎస్‌ఎమ్‌ఆర్ ఉందని 2020లో బయటపడి పెద్ద గొడవైంది. ఆ తర్వాత సీఎమ్‌ఆర్ రకాన్ని రెడ్ ప్లస్ పేరుతో వేరు చేశారు. సీగేట్ ఐరన్‌వుల్ఫ్ సీఎమ్‌ఆరే. అదే కంపెనీ బారకుడా డిస్కుల్లో చాలావరకు ఎస్‌ఎమ్‌ఆర్. డబ్బా మీది పేరు కాదు, పూర్తి మోడల్ నంబర్ తీసుకుని కంపెనీ సైట్‌లో చూడండి.

డెస్క్‌టాప్ డిస్క్ చవక అని తీసుకోవద్దు. చదవలేని చోటు తగిలితే అది చాలాసేపు ప్రయత్నిస్తూ ఉండిపోతుంది, ఈలోగా బాక్స్ దాన్ని చచ్చిందనుకుని బయటికి తోసేస్తుంది. నాస్ డిస్క్ కొన్ని సెకన్లలోనే చేతులెత్తేసి సంగతి బాక్సుకి చెబుతుంది.

నాలుగూ ఒకే బ్యాచ్ కాకుండా చూడండి. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో కొన్నా, ఆన్‌లైన్‌లో కొన్నా, రెండు ఒకచోట, రెండు ఇంకోచోట తీసుకోండి. లేబుల్ మీద తయారీ తేదీ ఉంటుంది. సీరియల్ నంబర్‌తో వారంటీ భారత్‌లో చెల్లుతుందో లేదో అదే రోజు చూసుకోండి.

5. బిగించకముందు స్టిక్కర్ అంటించండి

ప్రతి డిస్క్ సీరియల్ నంబర్‌లో చివరి నాలుగు అక్షరాలు స్టిక్కర్ మీద రాసి, ట్రే ముందు భాగాన అంటించండి. ఏ బేలో ఏది ఉందో ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. ఐదు నిమిషాల పని. చెడిన డిస్క్ బదులు బాగున్నది లాగేసి ఉన్న రెయిడ్‌ను చేతులారా చంపుకున్నవాళ్లను చూశాను. కొన్ని సిస్టమ్‌లు బేలను సున్నా నుంచి లెక్కపెడతాయి, కొన్ని ఒకటి నుంచి. సీరియల్ నంబర్ ఒక్కటే నమ్మదగింది.

6. డేటా పెట్టకముందే పరీక్షించండి

బాక్స్ సెట్టింగుల్లో స్మార్ట్ టెస్ట్ ఉంటుంది, డిస్క్ తనను తాను పరీక్షించుకునేది. అందులో పొడుగుదాన్ని ప్రతి డిస్క్ మీదా నడపండి. 8 టీబీకి సగం రోజు పైనే పడుతుంది. అయ్యాక నాలుగు వరుసలు చూడండి: 5, 197, 198, 199. మొదటి మూడూ చెడిన లేదా అనుమానం ఉన్న సెక్టార్లవి. కొత్త డిస్కులో అవి సున్నా ఉండాలి, లేకపోతే వెంటనే మార్పించుకోండి. 199 పెరుగుతుంటే తప్పు ఎక్కువగా కేబుల్‌దో, కనెక్షన్‌దో అయి ఉంటుంది. తీసి గట్టిగా పెట్టి మళ్లీ చూడండి.

7. రెయిడ్ తయారుచేయండి, అలర్ట్‌లు పెట్టండి

హెచ్చరిక: క్రియేట్ నొక్కగానే డిస్కుల్లో ఉన్నదంతా చెరిగిపోతుంది. పాత డిస్కులు వాడుతుంటే అందులోని డేటా ముందే బయటికి తీయండి.

తయారయ్యాక మెయిల్‌కీ, ఫోన్‌కీ అలర్ట్‌లు వచ్చేలా పెట్టి, టెస్ట్ మెయిల్ పంపి, అది నిజంగా మీ ఇన్‌బాక్సులో పడిందో స్పామ్‌లో పడిందో చూడండి. ఒక డిస్క్ పోయి నెలలు గడిచినా తెలియని బాక్సులు చాలా ఉన్నాయి. స్క్రబ్ (ఉన్న డేటా అంతా చదివి సరిచూడటం) నెలకోసారి, చిన్న స్మార్ట్ టెస్ట్ వారానికోసారి, పొడుగుది రెండు నెలలకోసారి పెట్టండి. స్క్రబ్, పొడుగు టెస్ట్ ఒకే రాత్రి పడకుండా చూసుకోండి.

“ఇన్వర్టర్ ఉంది కదా, యూపీఎస్ ఎందుకు?” అంటారు. కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే ఆ క్షణంలో బాక్స్ రీస్టార్ట్ కావొచ్చు. పైగా బ్యాటరీ అయిపోతోందని ఇన్వర్టర్ బాక్సుకి చెప్పదు. రాస్తుండగా కరెంటు పోతే రెయిడ్ 5, 6ల్లో డేటా, దాని రక్షణ లెక్క ఒకదానికొకటి సరిపోకుండా మిగిలిపోవచ్చు. యూఎస్‌బీతో కలిపిన యూపీఎస్ ఉంటే బాక్స్ తనంతట తాను పద్ధతిగా ఆగిపోతుంది.

వేడి సంగతి కూడా చూడాలి. మే నెలలో మన గదులు ఎలా ఉంటాయో తెలిసిందే. డిస్క్ వేడి 50 డిగ్రీలు దాటనివ్వకండి, 45కే అలర్ట్ పెట్టండి. మూసిన అల్మారాలో, సోఫా వెనకాల బాక్స్ పెట్టొద్దు.

8. ఒక డిస్క్ లాగి చూడండి

దీన్ని దాదాపు అందరూ వదిలేస్తారు. దయచేసి వదలకండి. అసలు డేటా పెట్టకముందు, ఇంకోచోట కూడా ఉన్న 100 జీబీ ఫోల్డర్ ఒకటి కాపీ చేయండి. విండోస్‌లో 7-జిప్ ఉంటే ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి షా-256 లెక్క (ఫైళ్లలో ఏ కాస్త మారినా మారిపోయే గుర్తు) తీసి రాసుకోండి. ఇప్పుడు ఒక డిస్క్ లాగండి. బాక్స్ నడుస్తుండగా తీయడానికి వీల్లేని మోడల్ అయితే ఆపి తీసి, మళ్లీ ఆన్ చేయండి.

చూడాల్సినవి: బీప్ వచ్చిందా, మెయిల్ వచ్చిందా, డిగ్రేడెడ్ (డిస్క్ తగ్గి రక్షణ తగ్గింది) అని చూపిస్తోందా, వీడియోలు తెరుచుకుంటున్నాయా. తర్వాత డిస్క్ తిరిగి పెట్టి రిపేర్ నడపండి, ఎన్ని గంటలు పట్టిందో రాసుకోండి. కొన్ని సిస్టమ్‌లు పాత డిస్కును గుర్తుపట్టి నిమిషాల్లో ముగిస్తాయి. ఆ సమయాన్ని లెక్కలోకి తీసుకోవద్దు, డిస్కును ఇంకో కంప్యూటర్‌లో పూర్తిగా చెరిపి పెడితేనే కొంతైనా నిజం తెలుస్తుంది. ఖాళీగా ఉన్నప్పుడు ట్రూనాస్‌లో రిపేర్ త్వరగా అవుతుంది, నిండాక అంత త్వరగా కాదు. చివరగా షా-256 మళ్లీ తీయండి. ముందటి దానితో అక్షరం కూడా తేడా ఉండకూడదు.

9. బ్యాకప్ పెట్టాకే డేటా ఎక్కించండి

రెయిడ్ కాపాడేది డిస్క్ చెడినప్పుడు మాత్రమే. మీరు పొరపాటున డిలీట్ చేస్తే అన్ని డిస్కుల్లోనూ డిలీట్ అవుతుంది. రాన్సమ్‌వేర్ వస్తే అన్నిట్లోనూ లాక్ అవుతుంది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగినప్పుడు విజయవాడ సింగ్‌నగర్ వైపు ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. కింది అంతస్తులో ఉన్న బాక్సుకి రెయిడ్ 6 ఉన్నా, రెయిడ్ 10 ఉన్నా ఒకటే.

అందుకని ఎక్స్‌టర్నల్ డిస్కులు రెండు పెట్టుకుని, ఒకటి బాక్స్ దగ్గర, ఇంకోటి వేరే ఇంట్లో ఉంచి, వారానికోసారి మార్చండి. డబ్బు తక్కువైతే అన్నీ కాకపోయినా, క్లయింటుకి ఇంకా ఇవ్వని పెళ్లిళ్లయినా రెండుచోట్ల ఉండాలి. ఆ రెండో కాపీ పడేదాకా మెమరీ కార్డులు ఫార్మాట్ చేయకండి. బాక్సులో స్నాప్‌షాట్లు కూడా రోజూ తీసేలా పెట్టండి, పొరపాటు డిలీట్లకు అవే మందు.

10. డిస్క్ నిజంగా పోయిన రోజు

కొత్త డిస్క్ కోసం పరుగెత్తకముందు బ్యాకప్ తాజాగా ఉందో లేదో చూడండి. లేకపోతే ముందు ముఖ్యమైనవి బయటికి కాపీ చేయండి, రీబిల్డ్ ఆ తర్వాతే. బాక్సును పదే పదే రీస్టార్ట్ చేయొద్దు. తెరమీద చూపిన సీరియల్ నంబర్, ట్రే మీది స్టిక్కర్ కలిశాకే డిస్క్ లాగండి. కొత్తది అంతే సైజు లేదా పెద్దది అయి ఉండాలి. రీబిల్డ్ అయ్యేదాకా ఎడిటింగ్ ఆపేయండి, ఎవరెంత తొందరపెట్టినా.

తెరమీద కొత్త పూల్ (డిస్కుల గుంపు) క్రియేట్ చేయమనో, ఇనిషియలైజ్ చేయమనో కనిపిస్తే అక్కడే చెయ్యి ఆపండి. మీకు కావాల్సింది రిపేర్ లేదా రీప్లేస్ అన్న మాట. రెండు డిస్కులు ఒకేసారి పోయినట్టు చూపిస్తే చాలాసార్లు తప్పు కేబుల్‌దో, పవర్‌దో అయి ఉంటుంది. ఏదీ నొక్కకుండా బాక్స్ ఆపి, కనెక్షన్లు చూసి, అప్పుడు ఆన్ చేయండి. అయినా రాకపోతే, ఆ డేటాకి బ్యాకప్ లేకపోతే, సొంతంగా ప్రయోగాలు చేయకుండా డిస్కులన్నీ బే నంబర్లతో సహా డేటా రికవరీ వాళ్లకు ఇవ్వండి.

రీబిల్డ్ అయ్యాక స్క్రబ్ ఒకసారి నడిపి, సున్నా ఎర్రర్లు వచ్చాయా చూడండి. పోయిన డిస్క్ వయసు ఐదేళ్లయితే మిగతా మూడింటి స్మార్ట్ అంకెలు కూడా అదే రోజు తీసి చూడండి, వాటిలో ఒకదానికైనా 197 పెరుగుతుంటే అది పోయేదాకా ఆగకుండా మార్చేయండి. ఏటా ఆషాఢంలో బ్యాకప్ డిస్క్ నుంచి పాత పెళ్లి ఫోల్డర్ ఒకటి వేరే కంప్యూటర్‌లోకి తెచ్చి, మొదటి క్లిప్ నుంచి చివరి క్లిప్ దాకా ప్లే చేసి చూడండి.